గొట్టం తీసి ఇంటికి పంపితే సరిపోదు

ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోతే డాక్టర్లు చేసే పని చూడటానికి చిన్నదే. పక్కటెముకల మధ్య నుంచి గొట్టం దించి, రెండో కొసను నీళ్లున్న సీసాలో ముంచుతారు. రోగి దగ్గితే సీసాలో బుడగలు లేస్తాయి, ఊపిరితో పాటు గొట్టంలో నీటిమట్టం ఆడుతుంది. బుడగలు ఆగి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకున్నట్టు తేలితే గొట్టం తీసేస్తారు. అన్నాళ్లూ ఆ సీసాను ఎక్కువసేపు కనిపెట్టుకుని ఉండేది మంచం పక్కన కూర్చున్న భార్యో, భర్తో. ఎక్స్‌రేకి తీసుకెళ్లేటప్పుడు వార్డుబాయ్ చక్రాల కుర్చీ తోస్తుంటే సీసా పట్టుకుని పక్కన నడిచేదీ చాలాసార్లు వాళ్లే. దాన్ని ఎప్పుడూ ఛాతీకి కిందే ఉంచాలి. పైకెత్తితే అందులో ఉన్నది తిరిగి ఛాతీలోకి పోవచ్చు. బుడగలు వస్తున్న గొట్టం మడతపడినా, ఎవరైనా నొక్కిపెట్టినా, బయటికి పోవలసిన గాలి లోపలే పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఇంత పని చేతిలో పెడుతున్నాం గానీ, ఈ నాలుగు ముక్కలు ఆ మనిషికి చెప్పడం ఫలానా వారి బాధ్యత అని మన ఆసుపత్రుల్లో గట్టిగా రాసిపెట్టుకున్నది తక్కువ.

రాయ్‌పూర్‌లో వైద్యం దొరకదని ఎవరూ అనలేరు. జనం మేకాహారా అని పిలుచుకునే అంబేద్కర్ ఆసుపత్రి ఉంది, టాటీబంద్‌లో 2012లో మొదలైన ఎయిమ్స్ ఉంది. ఆయుష్మాన్ కార్డు ఉంటే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులూ పరీక్షలూ అందులోకే వస్తాయి. ఆ గీత దాటాక రోగి పూర్తిగా ఇంటివాళ్ల మనిషి. కోలుకోవడం మాత్రం 15 రోజుల్లో ముగిసే వ్యవహారం కాదు. మన దేశంలో చాలామందికి ఊపిరితిత్తి ఇలా కుంగడం వెనక పాతదో కొత్తదో క్షయ ఉంటుంది, లేదా ఏళ్ల తరబడి కాల్చిన బీడీ ఉంటుంది. క్షయ మందే కనీసం ఆరు నెలలు. నేను అడిగేది ఒక్కటే: ఇంట్లో సాగే ఈ సేవను వైద్యంలో భాగంగా లెక్కగట్టాలి. అంటే చేసేవారికి నేర్పాలి, వాళ్లు పోగొట్టుకునే కూలి చూడాలి.

ఇంట్లో కనిపెట్టుకునే మనిషి అంత ముఖ్యమా అంటే, అంకెలు చూడండి. ఏ జబ్బూ లేనివారికి దానంతటదే ఊపిరితిత్తి కుంగితే, వారిలో దాదాపు మూడో వంతు మందికి మళ్లీ వస్తుందని 2018లో యూరోపియన్ రెస్పిరేటరీ జర్నల్‌లో వచ్చిన సమీక్ష లెక్క కట్టింది. మొదటి ఏడాదే ఎక్కువ గండం. పొగ మానేసినవారిలో ఆ ముప్పు నాలుగో వంతుకు పడిపోయిందని కూడా అదే సమీక్ష చెప్పింది. 2020లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రులు 316 మందితో చేసిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. పరిస్థితి నిలకడగా ఉన్నవారిలో కొందరికి గొట్టం వేయకుండా కనిపెట్టుకుని ఉంటే చాలు, ఎనిమిది వారాల్లో నూటికి 94 మందికి ఊపిరితిత్తి విచ్చుకుంది. వైద్యం చెయ్యి వెనక్కి తీసుకుంటున్న కొద్దీ భారం ఇంటి మీద పడుతుంది. ఒక్కసారిగా ఛాతీలో పొడిచినట్టు నొప్పి, పెరిగే ఆయాసం, గొట్టం తీసినచోట చర్మం కింద గాలి ఉబ్బి తాకితే కరకరమనడం - వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదని తెలిసిన మనిషి పక్కన ఉండాలి. మగవాళ్లు నొప్పి దాచడంలో ఘనులు కాబట్టి మరీనూ.

కట్టుకున్నవాళ్లు ఆ మాత్రం చూసుకోరా, దీనికి సర్కారెందుకు అనేవాళ్లున్నారు. చూసుకుంటారు, ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రేమ ఉన్నంత మాత్రాన గొట్టం సంగతి తెలిసిరాదు, మానుకున్న పనికి కూలీ రాదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకోటుంది. పక్షవాతం వచ్చినవారికి ఇంటివాళ్లే వ్యాయామాలు చేయించేలా మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో ఒక పెద్ద పరీక్ష జరిగింది. 2017లో లాన్సెట్ పత్రిక ఫలితాలు వేసింది. ఆరు నెలలకు చూస్తే మామూలు వైద్యం పొందినవారికీ వీరికీ తేడా కనిపించలేదు. ఇంటివాళ్లకు నేర్పితే అంతా బాగుపడుతుందని ఊరించేవారు దీన్ని దాటవేయడం సరికాదు. నాకు దీన్నుంచి అర్థమయ్యేది ఇది: ఫిజియోథెరపిస్టు పనిని భార్య నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటే లాభం లేదు. నేనడిగేది ఆ పని కాదు. ప్రమాదం గుర్తుపట్టడం, బరువులెత్తనివ్వకపోవడం, మూడు బంతుల పరికరంతో ఊపిరి సాధన చేయిస్తూ తర్వాతి ఎక్స్‌రే తేదీ తప్పకుండా చూడడం, ఇంట్లో పొగ లేకుండా చేయడం. బెంగళూరు నారాయణ హృదయాలయలో మొదలైన కేర్ కంపానియన్ శిక్షణ ఇలాంటి పరిమితమైన పనులనే వార్డులో బంధువులకు నేర్పుతూ కర్ణాటక, పంజాబ్, మధ్యప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రులకు చేరింది. డాక్టర్లకు తీరిక లేదన్నది నిజమే, నేర్పేది డాక్టరే కానక్కర్లేదు. 2002లోనే ఊరూరా మితానిన్‌లనే మహిళా ఆరోగ్య కార్యకర్తలను నిలబెట్టి ఆశా పథకానికి దారి చూపిన ఛత్తీస్‌గఢ్‌కు ఇది కొత్త విద్యేమీ కాదు.

కూలి సంగతి ఇంకా చిక్కు. ఉర్లా, సిల్తారా ఫ్యాక్టరీల్లో ఈఎస్‌ఐ ఉన్న కార్మికుడు మంచాన పడితే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం అందుతుంది. అతణ్ని చూసుకోవడానికి ఇళ్లలో పని మానుకున్న భార్యకు అందేది సున్నా. జబ్బు ఆమెదై భర్త సెలవు పెట్టాల్సి వచ్చినా అంతే. ప్రైవేటు ఉద్యోగాల్లో జీవితభాగస్వామి సేవ కోసం ప్రత్యేకంగా జీతంతో సెలవు ఇవ్వాలన్న చట్టం మనకు లేదు. ఇలా డబ్బివ్వడం సాధ్యమా అంటారా? ఆంధ్రప్రదేశ్ 2019 డిసెంబరులో మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీ ఆసరా, చికిత్స తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలు మించకుండా రోగికి ఇచ్చింది. పెద్ద మొత్తం కాదు గానీ, కోలుకునే రోజులకూ ఖరీదుందని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. దాన్ని సేవచేసే మనిషికీ వర్తింపజేయమంటే గొంతెమ్మ కోరిక కాదు. ఇలా డబ్బిస్తే సేవ శాశ్వతంగా ఆడవాళ్లకే అంటగట్టినట్టవుతుందన్న భయం స్త్రీవాదుల్లో ఉంది, ఊరికే పుట్టినది కాదు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88. అందుకే సెలవు భర్తకూ భార్యకూ సమానంగా ఉండాలి. భర్త వాడుకోకపోతే భార్య ఖాతాకు మారే వీలు ఉండకూడదు.

రాయ్‌పూర్ తెలుగువాళ్లకు ఇది ఇంకాస్త దగ్గరి విషయం. రైలు పనులకో, భిలాయి ఉక్కు పనికో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఇళ్లలో చాలాచోట్ల ఉండేది భార్యాభర్తలూ పిల్లలే. అత్తగారో, అక్కో ఊరి నుంచి రైలెక్కి వచ్చేలోగా రాత్రిళ్లు మేలుకోవాల్సింది ఒక్కరే. పిల్లలకు హిందీ గడగడా వచ్చినా, ఊరి నుంచి వచ్చిన ఆ పెద్దమ్మకు ఇంగ్లీషు డిశ్చార్జి చీటీ ఖాళీ కాగితంతో సమానం. హిందీతో పాటు తెలుగు, ఒడియాల్లో ఒక్క పేజీ అచ్చువేయడానికి బడ్జెట్ సమావేశాలు అక్కర్లేదు. దాని మీద ప్రమాద సూచనలు, ఎక్స్‌రే తేదీ, డాక్టరు ఒప్పుకునేదాకా విమానం ఎక్కవద్దన్న మాట, రాత్రి రెండింటికైనా ఎవరో ఒకరు ఎత్తే ఫోను నంబరు ఉంటే చాలు. కుట్లు విప్పడానికి వచ్చిన రోజున ఆ పేజీని రోగి చేత కాక, అతన్ని చూసుకుంటున్న మనిషి చేత చదివించి, అర్థమైందో లేదో అడిగి పంపాలి.