ఊగే హెడ్‌లైటుతో ఘాట్ ఎక్కేవాళ్లకు

పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి. కోపం వస్తే రావచ్చు, కానీ పూర్తిగా చదివాకే కామెంట్ పెట్టండి.

"లైటు వెలుగుతోంది కదండీ, కాస్త ఊగితే ఏమైంది?" దసమంతపూర్‌లో మన సంఘంవాళ్ల నోటే ఈ మాట వినీ వినీ విసిగిపోయాం. గుంత వచ్చినప్పుడల్లా కారు లైటు తల ఊపుతుంది. దానికి మనవాళ్లు చేసే వైద్యం మూడు రకాలు. కొందరు బంపర్‌కీ లైటుకీ కలిపి టేపు అంటించేస్తారు. కొందరు రోడ్డు కనబడట్లేదని ఇంకా పెద్ద బల్బు వేయిస్తారు. మిగతావాళ్లు "విజయనగరం వెళ్లినప్పుడు సెట్టు మొత్తం మార్పించేద్దాం" అంటూ ఆరు నెలలు అలాగే తిరుగుతారు. టేపు బద్ధకం, విజయనగరం వాయిదా. పెద్ద బల్బు మాత్రం ఎదుటివాడి కళ్లలో కారం కొట్టడమే. దాన్ని మేం ఒప్పుకోం.

ఒక చిన్న లెక్క చూడండి. డిమ్ లైటు నేరుగా ముందుకు పోదు, కాస్త కిందికి వంగి ఉంటుంది. చాలా కార్లలో ఆ వంపు సుమారు 1 శాతం, అంటే 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు. ఎదురుగా వచ్చేవాడి కళ్లను కాపాడేది ఆ 1 శాతమే. మీ లైటు సెట్టు 20 సెంటీమీటర్ల లోతు ఉందనుకుందాం. పట్టు 2 మిల్లీమీటర్లు, అంటే ఒక అగ్గిపుల్ల మందం వదులైతే ఆ వంపు మొత్తం పోయినట్టే. 4 మిల్లీమీటర్లు కదిలితే 50 మీటర్ల దూరంలో వెలుగు ఒక మీటరు పైకి లేస్తుంది. అంటే సరిగ్గా ఎదుటి కారు డ్రైవరు కంటి ఎత్తుకు. ఇంక ఊగేది ఒక్క వైపే కాదు కదా, కిందికి వాలినప్పుడు మీ బంపర్ ముందు నాలుగు గజాలు తప్ప రోడ్డే కనబడదు. రెండు కార్లూ అదే క్షణంలో గుడ్డివైపోతాయి.

ఇది చదునైన హైవే అయితే ఏమో, మన దారులు ఎలాంటివో తెలియనిదెవరికి? కొరాపుట్ దాటి సిమిలిగుడ, పొట్టంగి, అక్కణ్నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు. ఇటు పోతే లక్ష్మీపూర్ మీదుగా రాయగడ. ఆస్పత్రి పని మీద విశాఖ వెళ్లాలంటే చీకటితోనే బయల్దేరతాం. చలికాలం మంచు కమ్మితే పైకి లేచిన వెలుగు ఆ మంచుకే తగిలి తెల్లగోడలా మన ముఖం మీదకే తిరిగొస్తుంది. సంత రోజు తెల్లవారకముందే కొంధులు, పరజలు నెత్తిన మోపులతో, భుజాన కావిళ్లతో రోడ్డు వారగా నడుస్తుంటారు. వాళ్ల దగ్గర లైటు లేదు, హారన్ లేదు. మన లైటు ఊగి పక్కకి తప్పిన ఆ ఒక్క సెకనులో వాళ్లెక్కడున్నారో మనకు తెలియదు. "నా కారు, నా లైటు" అనేవాళ్లకు మా జవాబు ఇదే.

చట్టం కూడా ఈ మాటే అంటోంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ నిబంధన చూడండి. 8 మీటర్ల దూరంలో ఉన్న మనిషి కళ్లకు మిరుమిట్లు కొట్టకుండా ముందు లైటు వెలుగు శాశ్వతంగా కిందికి వంగి ఉండాలి, లైటును అలా బిగించి, అలాగే ఉంచుకోవాలి. ఊగే లైటులో శాశ్వతం ఎక్కడిది? జరిమానా సంగతి పక్కన పెట్టండి, అది వేసేవాడు మన రోడ్ల మీద రోజూ కనబడడు.

ఇక "మనకేం తెలుసు, మెకానిక్ పని" అనే కుంటి సాకు. జబ్బేదో తెలుసుకోవడానికి మీ అరచెయ్యి, ఒక గోడ చాలు. ఇంజను ఆపి, లైటు చల్లారాక అద్దం మీద అరచెయ్యి ఆనించి ముందుకీ వెనక్కీ, పక్కలకీ నెట్టి చూడండి. సెట్టు మొత్తం కదిలి, బానెట్‌తో ఉన్న సందు మారుతుంటే పట్టు వదులైనట్టు. కదలకపోతే రాత్రి కారును గోడకు ఎదురుగా పెట్టి, డిమ్ వేసి, లైటు పక్కన పిడికిలితో మెల్లగా తట్టండి. గోడ మీద వెలుగు వణికిందా, జబ్బు లోపలుంది. బల్బు సరిగా కూర్చోలేదు, లేదా లోపలి రిఫ్లెక్టరును పట్టే ప్లాస్టిక్ గుండు దాని గూటిలోంచి జారింది. ఇంజను ఆన్‌లో ఉన్నప్పుడే వణుకుతుంటే మాత్రం ఇంజను మౌంటింగో రేడియేటరు ముందు పట్టీయో చూపించుకోవాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు.

విప్పేముందు గోడ మీద వెలుగు అంచు ఎక్కడ పడుతోందో, కారు ఎక్కడ నిలిపారో గుర్తు పెట్టుకోండి. పట్టు వదులైతే పై బోల్టులు బానెట్ ఎత్తగానే కనబడతాయి, చాలా కార్లలో పదో నంబరు పానా సరిపోతుంది. మనవాళ్లు అవి రెండూ బిగించి "అయినా ఊగుతోందండీ" అంటారు. ఊగదా మరి, కింది బోల్టు బంపర్ వెనక దాక్కుని ఉంది! బంపర్ అంచు కొంచెం వదులు చేస్తేగానీ అందదు. బోల్టు తిరుగుతూనే ఉండి బిగియకపోతే దాన్ని పట్టే క్లిప్పు నట్టు అరిగిపోయిందన్నమాట, అది మార్చాలి. బలమంతా చూపించి బిగించకండి, ప్లాస్టిక్ చెవి పగులుతుంది.

ఆ చెవి ఇప్పటికే విరిగి ఉంటే? ఇక్కడే దుకాణాలవాళ్లు సెట్టు మార్చమంటారు, గోటితో పోయేదానికి గొడ్డలి అందిస్తారు. సెట్టు వెనక ప్లాస్టిక్ మీద 'పీపీ' అనే ఇంగ్లీషు అక్షరాలున్నాయేమో చూడండి. అంటే పాలీప్రొపిలిన్. దానికి ఫెవిక్విక్ అంటదు, ఎంసీల్ లాంటి ముద్ద నాలుగు గుంతల్లో ఊడొస్తుంది. నైలాన్ టై కరిగించి అతికించేవాళ్లనూ చూశాం, రెండూ వేరు ప్లాస్టిక్‌లు, కలవవు. అదే జాతి ప్లాస్టిక్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి, మధ్యలో సన్నని స్టీలు జాలీ ముక్క కూర్చితే నిలుస్తుంది. పొగ పీల్చకుండా ఆరుబయట చేయండి. కొన్ని మోడళ్లకు విడి చెవులే దొరుకుతాయి, సెట్టుకు డబ్బు కట్టేముందు ఒక్కసారి అడగండి.

బల్బు వదులైతే వెనక రబ్బరు తొడుగు తీసి, తీగ క్లిప్పు విప్పి మళ్లీ కూర్చోబెట్టండి. హెచ్4 బల్బుకు మూడు చెవులుంటాయి, ఒక్క తీరుగానే పడుతుంది. గాజును వట్టి చేత్తో ముట్టుకోవద్దు. కంపెనీ ఇచ్చింది 60/55 వాట్లయితే 60/55 వాట్లే వేయండి. 100 వాట్ల బల్బు వేడికి హోల్డరు కాలుతుంది, రిఫ్లెక్టరు మాడుతుంది, అయినా ఊగడం ఆగదు.

గుండు జారినది మాత్రం మొండి జబ్బు. కొన్నింట్లో నొక్కితే టక్కున కూర్చుంటుంది, విరిగి ఉంటే సెట్టు విప్పించక తప్పదు. గట్టిగా గుద్దుకున్న కారుకీ, గ్యారంటీలో ఉన్న కొత్త కారుకీ ఈ సొంత వైద్యం వద్దు, సర్వీసుకే ఇవ్వండి.

అంతా బిగించాక టైర్లలో గాలి సరిచూసి, గుర్తు పెట్టిన చోటే కారు నిలిపి వెలుగు అంచు చూడండి. పాత గుర్తుకే వచ్చిందని సంబరపడకండి, వదులుగా ఉన్నప్పుడు పెట్టిన గుర్తు అది. గోడకు 5 మీటర్ల దూరంలో అంచు లైటు మధ్యభాగం కంటే 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. లేకపోతే వెనక మర తిప్పి సరిచేయండి. మన కొండల్లో చదునైన నేల, ఎదురుగా గోడ ఒకేచోట దొరకడం కష్టమే, ఉన్నవాళ్లు పక్కింటివాళ్లను కూడా రానివ్వండి.

పదో నంబరు పానా లేనివాళ్లు అడగండి, సంఘం దగ్గర రెండున్నాయి. పోయినసారి మూడుండేవి, పట్టుకెళ్లినవారు దయచేసి తిరిగివ్వండి.