గ్యాస్ అనుకుంటున్నారా? గాబరా కావచ్చు!

ఆదివారం సాయంత్రం ఐదయ్యేసరికి కడుపులో తిప్పడం మొదలవుతుంది. సోమవారం స్టాండప్‌లో ఏం చెప్పాలా అని ఒకటే ఆలోచన. ఫోన్‌లో మేనేజర్ పేరు కనిపిస్తే చాలు, గుండె దడదడ. 'ఫ్రీయేనా? కొంచెం మాట్లాడాలి' అని మెసేజ్ వస్తే ఇక అంతే. అది తెరిచేలోపే ఉద్యోగం పోయి, ఈఎమ్ఐ ఆగిపోయి, ఊళ్లో చుట్టాలందరికీ తెలిసిపోయినట్టు సినిమా మొత్తం కళ్లముందు తిరిగేస్తుంది. తీరా చూస్తే ఆయన అడిగేది వచ్చే వారం లీవుల గురించి!

ఇంట్లో చెబితే 'గ్యాస్ అయ్యుంటుంది, వాము నీళ్లు తాగు' అంటారు. ఫ్రెండ్స్‌కి చెబితే 'లైట్ తీస్కో బ్రో' అంటారు. ఇద్దరిదీ ప్రేమే. కానీ నెలల తరబడి ఇలాగే ఉంటే వాము నీళ్లతో తగ్గేది కాదు.

ముందు ఒక మాట. భయం జబ్బు కాదు. ఇంటర్వ్యూకి ముందు చేతులు చెమట పట్టడం, రిలీజ్ రోజు రాత్రి నిద్ర పట్టకపోవడం అందరికీ ఉండేదే. పని అయిపోగానే అది కూడా పోతుంది. యాంగ్జైటీ అలా పోదు. ఒక టెన్షన్ తీరితే ఇంకోటి వెతుక్కుంటుంది. మా భాషలో చెప్పాలంటే, అలర్ట్ రావడం తప్పు కాదు. సర్వర్ బాగానే ఉన్నా రోజంతా అలర్టులు మోగుతుంటేనే అలర్ట్ సెట్టింగ్ చూడాలి.

అది ఒంట్లో ఎలా కనిపిస్తుంది? గుండె దడ, చెమట, ఊపిరి అందనట్టు ఉండడం, మెడా భుజాలూ పట్టేయడం, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాలనిపించడం, నిద్ర పట్టకపోవడం. ఇవి పైకి తెలిసేవి. మనం పట్టించుకోనివి వేరే ఉన్నాయి. పంపిన మెయిల్ పదిసార్లు తెరిచి చూసుకోవడం. ఫోన్ మోగితే ఆగిపోయేదాకా చూస్తూ కూర్చోవడం. పెళ్లికి పిలిస్తే ఏదో సాకు చెప్పి తప్పించుకోవడం. తప్పించుకున్నప్పుడల్లా కాసేపు హాయిగానే ఉంటుంది, కానీ మర్నాటికి భయం ఇంకాస్త పెరుగుతుంది. చివరికి మన ప్రపంచం గది, ల్యాప్‌టాప్, ఫుడ్ డెలివరీ దగ్గర ఆగిపోతుంది.

కొందరికి ఇది ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. నిమిషాల్లో దడ, వణుకు, చచ్చిపోతున్నానేమో అన్న భయం. దీన్నే పానిక్ అటాక్ అంటారు. ఇలాగే నాకు తెలిసిన ఒకబ్బాయి అర్ధరాత్రి రెండుసార్లు ఎమర్జెన్సీకి పరిగెత్తాడు. రెండుసార్లూ ఈసీజీ నార్మలే. 'నీకేం లేదు' అని పంపేశారు. ఆ మాటకి అర్థం గుండెకేం లేదని మాత్రమే. అతను పడ్డ బాధ అబద్ధమని కాదు.

అలాగని ఛాతీ నొప్పి వస్తే యాంగ్జైటీయేలే అని ఊరుకోకండి. ముందు డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, రోజుకు ఆరు కాఫీలు తాగినా ఇలాంటి లక్షణాలే రావచ్చు. ఒక రక్తపరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి.

మరి థెరపీకి వెళ్లాలా వద్దా? డాక్టర్లు వాడే జీఏడీ-7 అనే చిన్న ప్రశ్నావళి ఒకటుంది. గడిచిన 2 వారాల గురించి 7 ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. మామూలుగా 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఒకసారి నిపుణులకు చూపించుకోవడం మంచిదంటారు. ఇది జబ్బు తేల్చే పరీక్ష కాదు, జ్వరం చూసే థర్మామీటర్ లాంటిది.

మార్కులతో పాటు మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎన్నాళ్లుగా ఉంది? దీనివల్ల నేను ఏమేం మానేశాను? తట్టుకోవడానికి దేన్ని ఆసరా చేసుకుంటున్నాను: మందా, సిగరెట్టా, తెల్లవారుజాము మూడు దాకా రీల్సా? జవాబులు రాసి చూసుకుంటే నిర్ణయం దాదాపు అక్కడే తేలిపోతుంది. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే మాత్రం మార్కులూ లెక్కలూ వద్దు, ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్. అవసరమైతే మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులివ్వరు, మాట్లాడి థెరపీ చేస్తారు. వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. ఇన్‌స్టాలో ఫాలోవర్లు ఉండడం అర్హత కాదు. యాంగ్జైటీకి ఎక్కువగా చేసే సీబీటీ జీవితాంతం సాగేది కూడా కాదు. తరచుగా వారానికోసారి చొప్పున మూడు నాలుగు నెలలు పడుతుంది. మొదటి థెరపిస్ట్‌తో కుదరకపోతే మార్చుకోండి, మొహమాటం అక్కర్లేదు.

ఖర్చు భయమా? హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఎక్కడికీ వెళ్లలేకపోతే 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ ఇది. ఉచితం, ఏ వేళలోనైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

'ఆఫీసులో తెలిస్తే? సంబంధాలు రాకపోతే?' అసలు ఆపేది ఈ భయమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు రహస్యంగా ఉంచడం మీ హక్కు. ఎవరికి చెప్పాలో మీ ఇష్టం.

ఇంట్లో చెప్పాలనుంటే పెద్ద పెద్ద మాటలు వద్దు. 'అమ్మా, నెల రోజులుగా సరిగ్గా నిద్ర పట్టట్లేదు, డాక్టర్‌కి చూపించుకుంటా' అనండి చాలు. నిద్ర పట్టని బిడ్డని ఏ అమ్మా లైట్ తీసుకోదు. మిగతావి నెమ్మదిగా చెప్పుకోవచ్చు. ముందైతే అపాయింట్‌మెంట్ తీసుకోండి.