కాలి కింద ఉన్నవాడు

నటరాజ కంచు విగ్రహాన్ని ఈసారి కిందినుంచి చూడండి.

పైన ఏముందో అందరికీ తెలుసు. ఒక చేతిలో డమరుకం, ఒక చేతిలో నిప్పు, భయపడొద్దనే అభయహస్తం, చుట్టూ జ్వాలల తోరణం. 2023లో జీ20 సమావేశాలకి ఢిల్లీ భారత్ మండపం ముందు నిలబెట్టింది ఈ రూపాన్నే. 27 అడుగులు, 18 టన్నులు, అష్టధాతువులు. స్వామిమలై శిల్పులు పోతపోశారు. లోకమంతా ఫొటోలు చూసింది.

కుడికాలి కింద ఒకడున్నాడు. పొట్టివాడు. చావలేదు, లేవలేడు. పేరు అపస్మారుడు. 'అజ్ఞానానికి గుర్తు, మనిషి కాదు' అంటారు. సరే. మరి అజ్ఞానానికి బొమ్మ చెయ్యాలంటే పొట్టివాడి ఒళ్ళే ఎందుకు కావాల్సొచ్చింది? మహిషాసురుడూ చెడుకి గుర్తే అన్నారు. జార్ఖండ్‌లోని అసుర్ ఆదివాసుల్లో ఆయన మా పూర్వీకుడు అనేవాళ్ళున్నారు. వాళ్ళకి దసరా పండగ కాదు, దుఃఖం. మీ గుర్తు వాళ్ళకి తాత.

దండం పెట్టుకునేవాళ్ళతో మాకు తగువు లేదు. అజ్ఞాని అని ముద్రేసి కాలు మోపే అలవాటుతోనే తగువు.

అనకాపల్లి జిల్లా రాజయ్యపేట చూడండి. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకి 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచి శంకుస్థాపన చేశారు. వ్యర్థాలు సముద్రంలో కలిస్తే వేట పోతుందని మత్స్యకారులు రోడ్డెక్కారు. వాళ్ళకి వినిపించే జవాబేంటి? 'మీకు తెలీదు, ఎవరో రెచ్చగొడుతున్నారు.' ఏ గాలికి ఏ చేప వస్తుందో తెలిసినవాళ్ళకి తెలీదట! మన్యంలో బాక్సైట్ వద్దన్నప్పుడు మనమూ ఈ మాటే పడ్డాం.

మనకి 1997 నాటి సమతా తీర్పు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. రాజయ్యపేట షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఆ తీర్పు వాళ్ళని కాయదు. అందుకే మనం వాళ్ళ పక్కన నిలబడాలి. ఏజెన్సీలో మీ ఊరి గ్రామసభలో వాళ్ళకి మద్దతుగా తీర్మానం పెట్టండి.

ఒక్క మాట. శిల్పి నిజాయితీపరుడు, కాలి కింద ఉన్నవాణ్ణి దాచలేదు. ప్రాజెక్టు ప్రకటనల్లో ఎకరాలుంటాయి, కోట్లుంటాయి, ఉద్యోగాలుంటాయి. కిందున్నవాడు మాత్రం ఉండడు. వాడు కనిపించేదాకా మనం వేలు పెట్టి చూపిస్తూనే ఉండాలి.