డికాక్షన్ ఏరు ఒడ్డున లక్కీ డిప్

కారవాన్ అంటే మనకు షూటింగ్ స్పాట్‌లో ఏసీ వేసుకుని నిలబడి ఉండే హీరోగారి బస్సే. ఆస్ట్రేలియాలో మాత్రం అది మధ్యతరగతి సంసారి సొత్తు. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్లే బుల్లి ఇల్లు. మంచం, స్టవ్, ఫ్రిజ్ అన్నీ అందులోనే. డిసెంబరులో బడులకు వేసవి సెలవులిచ్చాక (అక్కడి ఎండాకాలం మన చలికాలంలో వస్తుంది) ఈ చక్రాల ఇళ్లు మెల్‌బోర్న్ దాటి ఆగ్నేయానికి బారులు తీరతాయి.

వాటిలో కొన్ని మూడు గంటలు ప్రయాణించి విల్సన్స్ ప్రామంటరీ చేరతాయి. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి దక్షిణాన చిట్టచివరి కొస అది. స్థానికులు ముద్దుగా ‘ప్రామ్’ అంటారు. 1905లో శాశ్వత జాతీయ పార్కుగా ప్రకటించారు, విస్తీర్ణం 50 వేల హెక్టార్ల దాకా ఉంటుంది. టైడల్ రివర్ అనే చోట రోడ్డు అయిపోతుంది. ఏటి నీళ్లు అచ్చం డికాక్షన్ రంగులో ఉంటాయి. మురికేమీ కాదు, ఒడ్డున ఉన్న టీ ట్రీ పొదల నుంచి దిగిన టానిన్. దగ్గర్లో స్క్వీకీ బీచ్ ఉంది. అక్కడి ఇసుకలో గుండ్రటి క్వార్ట్జ్ రేణువులు ఒకదానితో ఒకటి రాసుకోవడంతో, నడుస్తుంటే కాళ్లకింద కొత్త చెప్పుల్లా కిర్రుమంటుంది.

ఇంత అందమున్నచోట మన దగ్గరైతే ఈపాటికి రిసార్టులు మొలిచేవి. ఇక్కడున్నవి టెంట్లకూ కారవాన్లకూ కలిపి 484 స్థలాలు. కరెంటు ఉన్నవి ఇరవయ్యే. కుక్కల్ని తేకూడదు. నెగడు వేయకూడదు. సంక్రాంతి సెలవుల్లోనే ఇక్కడికొచ్చే మెల్‌బోర్న్ తెలుగువాళ్లకు భోగిమంట యోగం లేదన్నమాట! 2009 ఫిబ్రవరిలో పిడుగుపాటుకు అంటుకున్న మంటల్లో పార్కు సగం దాకా కాలిపోయింది. 2011 మార్చిలో కుండపోత వానకు వంతెన కొట్టుకుపోతే, చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్లలో బయటికి తెచ్చారు. ఆ నిబంధనలు చాదస్తం కాదని చెప్పడానికి ఈ రెండూ చాలు.

మరి ఆ 484 ఎవరికి? క్రిస్మస్ తర్వాత వారాలకు నెలల ముందే దరఖాస్తులు తీసుకుని లాటరీ వేస్తారు. తిరుమల ఆర్జిత సేవలకు లక్కీ డిప్ వేసినట్టే. తరతరాలుగా వస్తున్న కుటుంబాలకు ఏ ఏడాదో పేరు రాకపోతే ఎంత ఉక్రోషమో ఊహించవచ్చు. అయినా ఈ పద్ధతే న్యాయమనిపిస్తుంది. ధర పెంచితే డబ్బున్నవాడిదే స్థలం. ముందొచ్చినవాడికే అంటే నెట్ స్పీడున్నవాడిది. తత్కాల్ టికెట్ కోసం ఉదయం పదింటికి కుస్తీ పట్టినవాళ్లకు వేరే చెప్పాలా?

అసలు రుసుమే తీసేస్తే? విక్టోరియా ప్రభుత్వం ఆ ప్రయోగమూ చేసింది. 2024 డిసెంబరు నుంచి 2025 జూన్ దాకా రాష్ట్ర పార్కుల్లో క్యాంపింగ్ ఉచితం. బతుకు భారమైన రోజుల్లో మంచి ఉద్దేశమే. కానీ పోయేదేముందని బుక్ చేసుకుని మొహం చూపనివాళ్లు ఎక్కువయ్యారు. కంప్యూటర్లో ‘ఫుల్’, వెళ్లి చూస్తే ఖాళీ నేల. ‘దెయ్యాల బుకింగ్‌లు’ అని తిట్టుకున్నారు. పేదవాడికి సాయం చేయాలంటే ధర తగ్గించాలి గానీ బొత్తిగా తీసేయకూడదని, రానివాడు రద్దు చేసుకునేలా జేబుకు కాస్త చురుక్కుమనాలని ఈ శీర్షిక అభిప్రాయం.

ఇవేవీ పట్టని వాసి ఒకడున్నాడక్కడ: వోంబాట్. బొద్దుగా, పొట్టికాళ్లతో, చిన్న ఎలుగుపిల్లలా ఉంటుంది. దాని పెంటికలు పాచికల్లా నలుచదరంగా ఉంటాయంటే పిల్లలు ముందు నమ్మరు, తర్వాత వాటిని వెతకడమే పనిగా పెట్టుకుంటారు. పొద్దువాలాక తాపీగా గడ్డి మేస్తూ టెంట్ల మధ్యకు వస్తుంది. లోపల తినే సరుకు ఉంచారా, గుడ్డ చించుకుని దూరుతుంది. అందుకే రాత్రి తిండి కార్లో పెట్టి తాళం వేయమంటారు. కారవాన్ వాళ్లకు ఆ బెంగ తక్కువే, తలుపు వేయడం మరిచిపోకపోతే.