చేతికి మళ్లీ పని నేర్పేవారేరీ?

నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామిక వాడల్లో పొద్దుటి షిఫ్టు మొదలయ్యేసరికి వేలాది చేతులు యంత్రాల మీద ఉంటాయి. ఎప్పుడో ఒకనాడు వాటిలో ఒక చేయి యంత్రం కింద పడుతుంది. ప్రెస్ మిషను మీద పనిచేసే కార్మికుని నాలుగు వేళ్లు నలిగాయనుకుందాం. శస్త్రచికిత్స జరుగుతుంది, కుట్లు విప్పుతారు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాడైతే పనిచేయలేని రోజులకు వేతనంలో 90 శాతం చొప్పున భృతి అందుతుంది. శాశ్వత వైకల్యం మిగిలితే మెడికల్ బోర్డు దాని శాతాన్ని నిర్ణయించి, ఆ మేరకు నెలనెలా ఇప్పిస్తుంది. ఇంతవరకు ఏర్పాటు ఉన్నది. కాని ఆ చేయి మళ్లీ స్పానర్ పట్టాలి, చొక్కా బొత్తాం పెట్టుకోవాలి, అన్నం కలుపుకోవాలి. అది నేర్పేవారెవరు?

అందుకు ఒక శాస్త్రమున్నది. ఆక్యుపేషనల్ థెరపీ అని దాని పేరు. తెలుగులో వృత్తి చికిత్స అంటున్నారు. ఫిజియోథెరపీ కండరానికి బలాన్ని, కీలుకు కదలికను తిరిగి తెస్తుంది. ఆ కదలికను రోజువారీ పనిగా మార్చడం వృత్తి చికిత్స బాధ్యత. పిడికిలి బిగియనివానికి చెంచా కాడను లావు చేసి ఇవ్వడం, వంగిపోతున్న వేళ్లకు స్ప్లింట్ తయారుచేయడం, పక్షవాతం వచ్చిన గృహిణికి ఒక చేత్తో చీర కట్టుకొనే పద్ధతి చూపడం, పెన్సిల్ నిలువని పసివాని వేళ్లకు పట్టు అలవాటు చేయడం, ఇవన్నీ ఇందులోనివే. చూడటానికి చిన్న పనులు. చేసుకోలేనివానికి మాత్రం జీవితమంతా వాటిలోనే ఉన్నది.

ఈ చదువు మన దేశానికి కొత్తది కాదు. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ తొలి వృత్తి చికిత్స పాఠశాలను నెలకొల్పారు. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. అదే ఏడు పుట్టిన ప్రపంచ సమాఖ్యలో భారతదేశం వ్యవస్థాపక సభ్యురాలు. అంతటి చరిత్ర ఉండి కూడా, మన ప్రాంతంలో ఇంటర్ బై.పి.సి. పూర్తిచేసిన పిల్లలను అడిగితే డాక్టరు, నర్సు, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ అనేవారే ఎక్కువ. ఫిజియోథెరపీ పేరు కొందరికి తెలుసు. వృత్తి చికిత్స పేరు ఎరిగినవారు అరుదు.

పేరు తెలిసినవారికి మరొక చిక్కు ఉన్నది. ఆసుపత్రి భాషలో ‘ఓ.టి.’ అంటే ఆపరేషన్ థియేటర్. ఆక్యుపేషనల్ థెరపీకీ పొట్టి పేరు ‘ఓ.టి.’యే. బోర్డు మీద ‘ఓ.టి. అసిస్టెంట్’ అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ శస్త్రచికిత్స గదిలో పనికి సంబంధించిన శిక్షణే. అదీ గౌరవమైన పనే, దానికీ గిరాకీ ఉన్నది. కాని కార్మికుని చేతికి పని నేర్పాలనుకొన్న విద్యార్థి ఫీజు కట్టి చేరిన తర్వాత అది మత్తుమందు, పరికరాల చదువని తెలుసుకొంటే ఆ నష్టం ఎవరు పూడుస్తారు? తండ్రి చేసిన అప్పు రెండక్షరాల అర్థం కోసం ఆగదు గదా!

అందుచేత దరఖాస్తు చేసేముందు కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి. కోర్సు పూర్తి పేరేమిటి? డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయమేది? ఈ విద్యా సంవత్సరానికి దాని అనుమతి ఉన్నదా? రోగుల వద్ద శిక్షణ ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలు? ప్రపంచ సమాఖ్య ప్రమాణం ప్రకారం వృత్తి చికిత్స విద్యార్థి కనీసం 1,000 గంటలు రోగుల మధ్య పనిచేయాలి. ఆసుపత్రి పేరు చెప్పలేని సంస్థ ఆ గంటలను ఎక్కడినుంచి తెస్తుంది? జవాబులు నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోవడం ఉత్తమం.

చట్టం కూడా విద్యార్థి పక్షాన ఉన్నది. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చదువుకు కొలత పెట్టింది. టెక్నీషియన్ వంటి అనుబంధ వృత్తులకు కనీసం రెండేళ్లలో 2,000 గంటల చదువు ఉండాలి. స్వతంత్రంగా చికిత్స చేసే వృత్తులకు మూడేళ్లకు తగ్గకుండా 3,600 గంటలు ఉండాలి. ఆరు నెలల్లో సర్టిఫికెట్, ఆపై ఉద్యోగం గ్యారంటీ అనే ప్రకటనలను ఈ కొలతతోనే తూచాలి. డిగ్రీ చదవగోరేవారికి కటక్ సమీపంలోని ఓలట్‌పూర్, కలకత్తా, ఢిల్లీలలో జాతీయ సంస్థలున్నాయి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనూ ఈ చదువు ఉన్నది. ప్రవేశ నియమాలు మారుతుంటాయి గనుక నిరుటి కరపత్రాన్ని నమ్మక ఆ ఏటి ప్రకటననే చూడాలి.

ఇకపోతే, ఇంటికి దూరంగా ఏళ్ల తరబడి చదివించే స్తోమత లేని కుటుంబాల సంగతేమిటి? నాచారంలో అటువంటి కుటుంబాలే ఎక్కువ. అమెరికాలో 1950ల చివరినుంచే ఇందుకొక మార్గమున్నది. రెండేళ్ల కళాశాల చదువుతో సహాయకులను తయారుచేస్తారు. వారు పూర్తి అర్హతగల చికిత్సకుల పర్యవేక్షణలో రోగులకు సాధన చేయిస్తారు. రోగిని పరీక్షించి చికిత్స నిర్ణయించే బాధ్యత చికిత్సకులది. రోజూ పక్కన కూర్చుని చేయించే ఓపిక సహాయకులది. మన ఆసుపత్రుల రద్దీకి సరిపోయే పద్ధతి ఇది.

అయితే కోర్సు పెడితే చాలునని తొందరపడటం తగదు. పైన చికిత్సకుడు లేని సహాయకుడు దారి తెలియని బండివంటివాడు. పోస్టు లేని డిప్లొమా గోడకు వేలాడే కాగితం. అందువల్ల ముందుగా జరగవలసినది పోస్టుల లెక్క. ఇ.ఎస్.ఐ., ప్రభుత్వ ఆసుపత్రులలో వృత్తి చికిత్సకుల పోస్టులు ఎన్ని మంజూరైనవి, ఎన్ని భర్తీ అయినవి అన్నది అధికారులు ప్రకటించాలి. ఖాళీలను నింపాలి. ఆ పైన కమిషన్ గుర్తింపుతో రెండేళ్ల సహాయకుల శిక్షణను ప్రారంభించాలి.

అందుకు తగిన చోటు వెతుక్కోనక్కరలేదు. నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. చుట్టూ కర్మాగారాలున్నాయి. మానసిక వికలాంగుల కోసం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఇదే నగరంలో, బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో, నేడు బౌద్ధిక దివ్యాంగుల సాధికారత సంస్థ పేరుతో పనిచేస్తున్నది. నేర్చుకొనే పిల్లలు, చికిత్స కావలసిన కార్మికులు ఒకే బస్తీలో ఉన్నారు. వారిని కలిపే తరగతి గది మాత్రమే లేదు.

చేయి పోయినవానికి పరిహారం ఇవ్వడం ధర్మం. ఉన్న చేతికి మళ్లీ పని నేర్పడం అంతకంటె మేలైన ధర్మం. నెలనెలా వేతనం నుంచి చందా చెల్లిస్తున్న కార్మికుడు దీన్ని దానంగా కోరడం లేదు. కార్మిక, ఆరోగ్య శాఖలు కలిసి కూర్చుని ఈ విషయాన్ని తేల్చడం మంచిది. వచ్చే ఏడు నాచారం పిల్ల ఒకతె దరఖాస్తు ఫారం చేతపట్టుకొన్నప్పుడు, అందులోని రెండక్షరాలకు అర్థమేమిటో ఎవరినీ అడగనక్కరలేకుండా ఉండాలి.