పురిటింటికి ఫోను

ఉద్యోగం చేసే అమ్మాయి పురిటికి వెళితే ఆఫీసు వాళ్లు పలకరించాలా, ఊరుకోవాలా? తేలిక ప్రశ్నే అనుకునేదాన్ని, నాలుగు నెలల కిందటి వరకు.

మా తెలుగు శాఖలో చిన్న లెక్చరరు ఒకామె కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. శాఖ బాధ్యత నాది. మార్కుల జాబితా కనిపించక ఒక ఉదయం ఆమెకు ఫోను చేశాను. వాళ్లమ్మగారు తీసి, "ఇవాళ ఇరవయ్యొకటో రోజండీ, బిడ్డను ఉయ్యాలలో వేస్తున్నాం. అమ్మాయి పీటల మీద ఉంది" అన్నారు. సిగ్గుపడి పెట్టేశాను. పది నిమిషాలకు ఆ అమ్మాయే చేసింది. "ఏం పని పడింది మేడమ్? కోపం రాలేదు కదా?" అంది. వెనక ముత్తైదువుల పాట వినిపిస్తోంది. జాబితా బీరువా రెండో అరలో ఉందట. సరిగ్గా వెతికితే నాకే దొరికేది!

నన్ను బాధించింది ఆ "కోపం రాలేదు కదా" అన్న మాట. పీటల మీది బాలింత చేత ఆ మాట అనిపించిన పెద్దరికం ఏం పెద్దరికం?

పోనీ, అసలు పలకరించకపోతేనో? అదీ నాకు అనుభవమే. పదిహేడేళ్ల కిందట మా అబ్బాయి పుట్టినప్పుడు, "పాపం, విశ్రాంతి తీసుకోనీ" అని ఎవరూ ఒక్క కబురైనా పంపలేదు. తిరిగి వెళ్లేసరికి నేను ఇష్టంగా చెప్పే ఛందస్సు ఇంకొకరి పాలయింది. పీహెచ్.డి. దరఖాస్తు గడువు దాటిపోయింది. నా కుర్చీలో నేనే చుట్టంలా కూర్చున్నాను. వాళ్ల దయ వల్ల నాకొక ఏడాది పోయింది.

1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. కాన్పయిన 6 వారాల వరకు తల్లి చేత పని చేయించరాదని మొదటి చట్టంలోనే ఉంది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఉంది. ఆ తరువాత ఎలా పలకరించాలన్నది మాత్రం మనుషులు మాట్లాడుకుని తేల్చుకోవలసిందే.

అందుకే మా శాఖలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. సెలవుకు ముందు ఒక గంట కూర్చుని, ఏ కాగితం ఎక్కడుందో, ఏ తరగతి ఎవరు చూస్తారో నోటుపుస్తకంలో రాసుకుంటాం. తరువాత ఒకటే ప్రశ్న: "నీకు ఎన్నాళ్లకొకసారి కబురు చేయమంటావు? అసలు వద్దంటావా?" నిర్ణయం ఆమెదే, మధ్యలో మార్చుకున్నా సరే. కబురు వేరు, పని వేరు సుమా! బదిలీలు, కొత్త సిలబసు, దరఖాస్తు గడువులు కబుర్లు. మార్కులు, ప్రశ్నపత్రాలు పని. అవి పురిటింటికి వెళ్లకూడదు.

సెలవుకు వెళ్లే అమ్మాయిలకూ ఒక మాట. మొహమాటానికి "ఎప్పుడైనా చేయండి మేడమ్" అనకండి. రోజూ, వేళా మీరే చెప్పండి. ఫోను తీయకపోతే ఉద్యోగం పోతుందేమోనని బెంగ వద్దు. ప్రసూతి సెలవులో ఉన్నదని తీసివేయడం చట్టవిరుద్ధం.

మా అమ్మాయికి ఆ ప్రశ్న ఆలస్యంగానే వేశాను, క్షమాపణతో కలిపి. పదిహేను రోజులకొకసారి, ఆదివారం మధ్యాహ్నం, తానే చేస్తానంది. పోయిన ఆదివారం చేసి, "కొత్త సిలబసులో ఏ కావ్యం పెట్టారు మేడమ్?" అని అడిగింది. నేను చెప్పబోయేంతలో బిడ్డ ఏడ్చింది. "మళ్లీ చేస్తాను" అని ఠక్కున పెట్టేసింది.

కోపం వచ్చిందా అని ఈసారి అడగలేదు. నాకెంత సంతోషమయిందో!