గల్లీల సోదాలు సరే, నడుముకున్న పిస్తోలును అడిగేదెవ్వరు?

మాది పాతబస్తీ, లాల్‌దర్వాజ దిక్కు. మా దగ్గర కార్డన్ సెర్చ్ అంటే చిన్న పోరగాండ్లకు గూడ ఎరుకే. రాత్రిపూట గల్లీకి రెండు మొగదల్ల పోలీసోళ్లు నిలవడతరు. ఇల్లిల్లు తిరిగి ఆధార్ కార్డు అడుగుతరు. కాగితాలు లేని బండ్లు పట్టుకపోతరు. ఆటో నడిపేటాయన నిద్రల నుంచి లేసొచ్చి జవాబు చెప్పాలె. కని నడుముకు లైసెన్సు పిస్తోలు పెట్టుకొని దావత్‌లకు తిరిగే పెద్దమనిషిని "సాబ్, గిది మీకు ఇంకా ఎందుకు?" అని అడిగినోళ్లను నేనింతవరకు సూడలే. గీ ముచ్చటే ఇయ్యాల మాట్లాడుకుందం.

2017 ఫిబ్రవరిల అమెరికాల, కాన్సస్ రాష్ట్రంల, ఒలేత అనే ఊర్ల మన హైదరాబాద్ ఇంజనీరును ఒకడు బార్ల కాల్చి సంపిండు. అప్పుడు చానామంది "అక్కడ తుపాకి హక్కు, మన దగ్గర గట్ల కాదు" అన్నరు. నిజమే. మన రాజ్యాంగంల తుపాకి హక్కు లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉంటెనే తుపాకి. 21 ఏండ్లు నిండాలె. హింస కేసుల శిక్ష పడినోనికి, శిక్ష అయిపోయినంక గూడ ఐదేండ్ల దాక తుపాకి ముట్టే హక్కు లేదు. 2016 రూల్స్ ప్రకారం ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం బాగున్నదని డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలె. కాగితం మీద అన్నీ ఉన్నయి.

మరి ఆదిలాబాద్‌ల ఏమైంది? 2020 డిసెంబర్‌ల తాటిగూడల పిల్లల క్రికెట్ కాడ లొల్లి అయింది. ఒక పార్టీ జిల్లా అధ్యక్షుడు, మున్సిపాలిటీల వైస్ చైర్మన్ చేసినాయన, ఒక చేతిల తుపాకి, ఇంకో చేతిల కత్తి పట్టుకొని ఉరికొచ్చిండు. ముగ్గురికి గాయాలైనయి. అండ్ల ఒకాయన దవాఖానల పాణం ఇడిసిండు. 2022ల కోర్టు యావజ్జీవ శిక్ష ఏసింది. గా తుపాకి దొంగ తుపాకి కాదు తమ్మీ, సర్కారు లైసెన్సు ఇచ్చిన తుపాకి.

బొక్క ఎక్కడున్నదో సూడుర్రి. చట్టం ఖరాఖండిగ ఆపేది శిక్ష పడ్డోన్నే. మన కోర్టులల్ల శిక్ష పడాలంటే ఎన్నేండ్లు పడ్తదో మీకు ఎరుకే. కేసు నడుస్తున్నోని సంగతి అధికారి ఇష్టం మీదనే ఉంటది. 17వ సెక్షన్ కింద శాంతిభద్రతల కోసం లైసెన్సును సస్పెండ్ చెయ్యొచ్చు, రద్దు చెయ్యొచ్చు. "చెయ్యొచ్చు" అన్నకాడనే పెద్దమనుషుల ఫోన్లు పనిజేస్తయి. ఇంకోటి, 2019ల చట్టం మార్చిర్రు. ఒక్కొక్కరికి మూడు తుపాకుల కాడ రెండే అన్నరు, మంచిదే. పెండ్లిళ్లల్ల ఖుషీకి కాల్చి పాణాల మీదికి తెస్తె రెండేండ్ల దాక జైలు, లక్ష రూపాయల దాక జుర్మానా అన్నరు, అదీ మంచిదే. కని అదే చట్టంల లైసెన్సు గడువును మూడేండ్ల నుంచి ఐదేండ్లకు పెంచిర్రు. ఐదేండ్లల్ల మనిషి తాగుబోతు గావొచ్చు, భూమి పంచాయితీలల్ల దిగొచ్చు, పెండ్లాన్ని కొట్టుడు మొదలుపెట్టొచ్చు. మల్ల అడిగే తారీకు మాత్రం రెండేండ్లు దూరం జరిగింది.

"లైసెన్సోళ్ల కంటే దొంగ తుపాకులోళ్లే ఎక్కువ ప్రమాదం గదా" అని మీరు అడుగుతరు. సరైన ప్రశ్న. 2022 మార్చిల ఇబ్రహీంపట్నం కాడ కర్ణంగూడల ఇద్దరు రియల్ ఎస్టేట్ వ్యాపారులను కాల్చి సంపిర్రు. 2025 జనవరిల బీదర్‌ల ఏటీఎం పైసల బండిని దోచినోళ్లు మా పక్కనే అఫ్జల్‌గంజ్‌కొచ్చి ట్రావెల్స్ ఆఫీసుల కాల్పులు జరిపిర్రు. అదే ఏడు జులైల మలక్‌పేట పార్కుల పొద్దుగాల నడవొచ్చిన సీపీఐ నాయకున్ని కాల్చిర్రు. దొంగ తుపాకిని పట్టాలంటే అది వచ్చే తొవ్వ పట్టాలె, అమ్మేటోన్ని పట్టాలె. అది కష్టమే, ఒప్పుకుంట. లైసెన్సు తుపాకి అట్ల కాదు. ఎవ్వని పేరు మీదున్నదో, ఏ ఇంట్లున్నదో సర్కారు రిజిస్టర్ల రాసే ఉన్నది. అల్కటి పనే చెయ్యనోళ్లు కష్టమైన పని ఏం జేస్తరు?

చెయ్యరాదని కాదు. ఎలక్షన్ రాంగనే ఏం జరుగుతదో యాది చేసుకోర్రి. లైసెన్సు తుపాకులు ఠాణాల జమ చెయ్యమని హుకుం వస్తది. లిస్టు దీసి ఫోన్లు చేస్తరు, మనుషులొచ్చి ఇచ్చిపోతరు. ఓట్ల పండుగకు ఉన్న పట్టింపు గల్లీకి, ఇంటికి ఎందుకు లేదు?

మా గల్లీల ఒక అక్క ఉండె. ఆమె బావకు లైసెన్సు పిస్తోలున్నది. ఆస్తి పంపకం మాట వచ్చినప్పుడల్ల దాన్ని దీసి చాప మీద పెడ్తుండె. కాల్చడు, ఊకెనే పెడ్తడు. నేను ఆమెను దీస్కొని ఒక ఠాణాకు పోయిన. "కాల్చిండా? లేదు గదా" అన్నరు. దరఖాస్తు తీసుకోలే. ఆమె తన వాటా ఇడిసిపెట్టి తల్లిగారింటికి పోయింది. ఒక్క గుండు గూడ పేలకుంటనే గా తుపాకి పని అయిపోయింది.

అప్పుడు నాకు తెల్వని సంగతి మీకు జెప్త. లైసెన్సు రద్దు చేసే అధికారం ఠాణాది కాదు. కమిషనరేట్ ఉన్నకాడ కమిషనర్‌ది, లేనికాడ కలెక్టర్‌ది. ఎవ్వలన్న తుపాకి సూపి బెదిరిస్తె, బరాత్‌ల గాల్లకు కాలిస్తె, తారీకు, జాగ, సూసినోళ్ల పేర్లు రాసి సీదా ఆ ఆఫీసుకు స్పీడ్ పోస్టుల పంపుర్రి. రసీదు దాసుకోర్రి. పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద రెండే ప్రశ్నలు అడుగుర్రి: మా జిల్లాల తుపాకి లైసెన్సులు ఎన్ని? పోయిన ఐదేండ్లల్ల ఎన్ని రద్దు చేసిర్రు? నేను నా దరఖాస్తు ఈ సోమవారం ఏస్తున్న. మీ జిల్లాది మీరెయ్యుర్రి.